అంబాసిడర్‌కి వెనక హౌసింగ్, బ్రేకులు మార్చేటప్పుడు

మీ అంబాసిడర్‌కి వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు, దాన్ని తిప్పే గేర్లు ఉండే ఇనప తొడుగు) మార్చాలని ఉంటే, పనిని ముందువైపు చక్రాల దగ్గర మొదలుపెట్టండి. ఆటోనగర్‌లో మంచి హౌసింగ్ దొరికింది కదా అని తెచ్చి బిగించేసి, బ్రేకుల సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఆ 'తర్వాత' రాదు. హౌసింగ్‌తో వచ్చిన బ్రేకుల వల్ల వెనక పట్టు పెరిగి, ముందువైపు పాత బ్రేకులే ఉండిపోయిన బండి, అసలేమీ మార్చని బండి కన్నా ప్రమాదం. ఎందుకో చెప్తాను. ఎలా చేసుకోవాలో కూడా నా బండికి చేసిన వరసలోనే చెప్తాను.

నాది 1986 మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. నాన్న మిర్చి కమీషన్ కొట్టు నడిపే రోజుల్లో కొన్న బండి. ఆయన పోయాక నా చేతికొచ్చింది. నాకు గుంటూరు అరండల్‌పేటలో మోటార్ వైండింగ్, పంపుసెట్ల రిపేరు షాపు ఉంది. కారు మెకానిజం నేర్చుకున్నవాణ్ణి కాదు. కానీ షాఫ్టు, బేరింగు, సీలు నాకు రోజూ చేతిలో ఉండేవే. అందుకే ధైర్యం చేశాను. లేత్ పనీ, వెల్డింగ్ పనీ మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర చేయించాను. ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను.

ఈ పనిలోకి ఎందుకు దిగానంటే, ఐదేళ్ళ కిందట విజయవాడలో పెళ్ళి చూసుకుని రాత్రిపూట గుంటూరు వస్తున్నాం. బండిలో అమ్మ, నా భార్య, అక్క కూతురు. కాజ టోల్‌గేటు దగ్గర బళ్ళ వరస కనపడి పెడల్ తొక్కితే నేల దాకా పోయింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ నేలే. గేరు తగ్గించి హ్యాండ్‌బ్రేక్ లాగితే పత్తి లారీ వెనక జానెడు దూరంలో ఆగింది. "ఎందుకురా అంత గట్టిగా ఆపావ్, పిల్ల తల కొట్టుకునేది" అని అమ్మ కోప్పడింది. ఏం జరిగిందో ఆమెకి తెలియదు. నాకు మాత్రం కాళ్ళు వణికి కాసేపు బండి దిగలేకపోయాను.

మర్నాడు ఎడమ వెనక డ్రమ్ము ఊడదీస్తే రెండు తప్పులు కనిపించాయి. నెల ముందు ఒక షెడ్డులో వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకు షూలని తోసే చిన్న సిలిండర్) కిట్ మార్పించాను. అరిగిన సిలిండర్‌ని లోపల బాగా రుద్ది, పాత సైజు రబ్బరే వేసేశారు. రబ్బరు వదులై బ్రేక్ నూనె కారిపోయింది. రెండోది, యాక్సిల్ ఆయిల్ సీలు పోయి గేర్ ఆయిల్ షూల మీదికి వచ్చి, లైనర్లు నల్లగా తడిసి ఉన్నాయి. నా బండిలో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే నూనెని తోసే పెద్ద సిలిండర్‌కి) ఉన్నది ఒకటే దారి. నాలుగు చక్రాలకీ నూనె ఆ ఒక్క దారినే పోవాలి. ఒక్క చోట కారితే నాలుగూ పోతాయి. ఇది బండి లోపం అనను. 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైన్ మీద ఉత్తర్‌పారాలో తయారైన బండి ఇది. అప్పటి రోడ్లకీ, అప్పటి వేగాలకీ చాలింది. ఇప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద మన ముందున్న కారు క్షణంలో ఆగిపోతుంది. వెనకున్న మనం కూడా ఆగగలగాలి.

బరువు ఎటు పోతుందో ముందు తెలుసుకోండి

గట్టిగా బ్రేక్ తొక్కితే బండి మూతి కిందికి వంగుతుంది, తోక లేస్తుంది. అది కంటికి కనపడేదే. ఎంత బరువు కదులుతుందో నేను లెక్క వేసుకున్నాను. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2464 మిల్లీమీటర్లు. బండీ నేనూ కలిపి సుమారు 1150 కిలోలు అనుకున్నాను. బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందని అంచనా. బ్రేకు 0.7 జీ, అంటే భూమి ఆకర్షణలో పదింట ఏడు వంతుల జోరు. బరువుని బ్రేకుతోనూ ఎత్తుతోనూ గుణించి ఇరుసుల దూరంతో భాగిస్తే సుమారు 180 కిలోలు వచ్చింది. అంటే తొక్కిన క్షణంలో నాలుగు మిర్చి టిక్కీల (బస్తాల) బరువు వెనక చక్రాల మీద నుంచి లేచి ముందు చక్రాల మీద కూర్చుంటుంది.

బరువు తగ్గిన చక్రానికి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అలాంటి వెనక చక్రాలకి మనం పెద్ద బ్రేకు పెడితే ముందువాటి కన్నా అవే ముందు బిగుసుకుంటాయి. ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగ్ పని చేయదు కానీ బండి నేరుగా జారుతుంది. వెనకవి బిగుసుకుంటే తోక పక్కకి తిరిగిపోతుంది, వానలో అయితే బండే తిరిగిపోతుంది. ఈ పని మొత్తంలో నేను పట్టుకున్న నియమం ఇదొక్కటే: వెనక చక్రాలు ముందుగా బిగుసుకోకూడదు. కింద చెప్పేవన్నీ దానికోసమే.

వెనక కూడా డిస్కులు పెట్టమని చాలామంది అడిగారు. నేను పెట్టలేదు. వెనక చేయాల్సిన పని తక్కువ, దానికి డ్రమ్ము చాలు. పైగా డ్రమ్ముకి హ్యాండ్‌బ్రేక్ చక్కగా పడుతుంది. ఆ డబ్బు ముందు చక్రాలకి పెట్టండి.

ముందు బ్రేకులు

చివరి సంవత్సరాల అంబాసిడర్లలో ముందు డిస్కు, సర్వో (పెడల్ మీద కాలి బలాన్ని పెంచే సాధనం) ఉన్నవి వచ్చాయి. అలాంటి బండి స్క్రాపుకి వస్తే స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్క), హబ్బు, డిస్కు, క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని పట్టేది), దాని బ్రాకెట్ అన్నీ ఒకే బండి నుంచి, రెండు వైపులా కలిపి తీసుకోండి. పాత స్టబ్ యాక్సిల్‌కి బ్రాకెట్ వెల్డింగ్ పెట్టి ఎక్కడిదో క్యాలిపర్ తగిలించే పని మాత్రం ఒప్పుకోకండి. బ్రేకు బలమంతా ఆ వెల్డింగ్ మీదే పడుతుంది. బిగించే ముందు మీ చక్రం రిమ్ము క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతోందో లేదో చేత్తో తిప్పి చూడండి.

మాస్టర్ సిలిండర్ రెండు దారులది, అంటే టాండెమ్ వేయండి. ముందు చక్రాలకి ఒక దారి, వెనకవాటికి ఒకటి. ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. ఈ ఒక్క మార్పూ చేసి మిగతావి చేయకపోయినా నేను సంతోషిస్తాను. ఒక జాగ్రత్త ఉంది. డ్రమ్ములకి వెళ్ళే దారిలో కొన్ని మాస్టర్ సిలిండర్లకి చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలాక కూడా అది గొట్టంలో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచుతుంది. డ్రమ్ము షూలని స్ప్రింగు వెనక్కి లాగుతుంది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. డిస్కుకి అలా లాగే స్ప్రింగు లేదు. ఆ వాల్వున్న దారిని డిస్కుకి కలిపితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి, ఇంటికి వచ్చేసరికి డిస్కు కాలిపోతుంది. ఏ దారి దేనికో అడిగి, రాసిపెట్టుకుని కలపండి.

డిస్కుకి డ్రమ్ము కన్నా ఎక్కువ ఒత్తిడి కావాలి. అందుకే సర్వో కావాలి. పెట్రోలు ఇంజన్‌కి మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ వస్తుంది. డీజిల్ అయితే వాక్యూమ్ పంపు విడిగా ఉండాలి. సర్వో పని చేస్తోందో తెలుసుకోవడం తేలిక. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, చివరిసారి తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే గొట్టమో, లోపలి పొరో పోయినట్టు.

గొట్టాల నట్లు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా చేతిలోనే తప్పు జరగబోయింది.

నా పాత బండి బ్రేకు గొట్టాల నట్లు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. కొత్త తరం సిలిండర్ల రంధ్రాలు 10 మిల్లీమీటర్లు, మరకీ మరకీ మధ్య 1 మిల్లీమీటరు. 3/8 అంటే 9.5 మిల్లీమీటర్లే. కంటికి రెండూ ఒకటే. పాత నట్టుని కొత్త సిలిండర్‌లో పెడితే పడుతుంది, పానాతో తిప్పితే బిగుస్తున్నట్టే ఉంటుంది. నేను రెండు నట్లు అలాగే బిగించి బాబాయ్‌కి చూపించాను. ఆయన పానా పక్కన పెట్టి, ఒక నట్టుని వదులు చేసి, వేళ్ళతో అటూ ఇటూ ఊపాడు. "అబ్బాయ్, ఇది చూడు, మరలో నట్టు ఊగుతోంది. ఊగకూడదు" అన్నాడు. నట్టు బయటికి తీసి దీపం కింద పెడితే మరల కొనలు మాత్రమే మెరుస్తున్నాయి, మధ్యలో ఎక్కడా తాకిన గుర్తు లేదు. అంటే బిగింపంతా రెండు మూడు మరల చివర్ల మీదే నిలబడి ఉంది.

మా పంపుల లెక్కలో చెప్తే, నీటిని 100 మీటర్ల ఎత్తుకి తోసే పంపు ఇచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 10 కిలోలు. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు ఈ సన్న గొట్టంలో దానికి ఏడెనిమిది రెట్లు ఉంటుంది. ఆ నట్టు ఇంటి ముందు ఆగుతుంది, హైవే మీద ఊడుతుంది. అందుకని ప్రతి నట్టునీ ముందు గొట్టం లేకుండా, ఒట్టి వేళ్ళతో చివరిదాకా తిప్పండి. ఊగకుండా, పట్టకుండా, నున్నగా వెళ్ళాలి. కొత్త సిలిండర్లకి కొత్త నట్లే వేసి, గొట్టం చివర డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా వెడల్పు చేసిన అంచు) కొట్టించండి. గొట్టం బ్రేకులకోసం తయారైనదే వాడండి. ఏసీ పని రాగి గొట్టం ఎంత మెరిసినా వద్దు.

హౌసింగ్ ఎంపిక

ఇప్పుడు అసలు పని. వెనక హౌసింగ్ మార్చడానికి నాకు రెండు కారణాలు. ఒకటి, పాతదానిలో హబ్బు కూర్చునే చోటు అరిగి కొత్త సీలు నిలవట్లేదు. రెండోది, 80 మీద వెళ్తుంటే ఇంజన్ అరుపు. పాత పినియన్ (షాఫ్టుతో తిరిగే చిన్న పళ్ళచక్రం) మీద 9/41 అని ఉంది. అంటే దానికి 9 పళ్ళు, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్‌కి 41, నిష్పత్తి 4.55. ఆటోనగర్‌లో నాకు దొరికిన ఇసుజు ఇంజన్ అంబాసిడర్ హౌసింగ్‌లో 11/43 ఉంది, అంటే 3.9. మోడల్ పేరు చెప్పి అమ్మితే నమ్మకండి, నలభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారి ఏ క్రౌన్ పడిందో ఎవరికి తెలుసు. పళ్ళు లెక్కపెట్టండి. విప్పకుండా తెలుసుకోవాలంటే బండిని న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకి అడ్డు వేసి, ఒక వెనక చక్రాన్ని మాత్రం లేపి రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఈలోగా ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి.

తేడా ఎంతంటే, చక్రం మీద చాక్‌పీసు గీత గీసి ఒక చుట్టు దొర్లిస్తే నా బండి 2.04 మీటర్లు నడిచింది. గంటకి 80 కిలోమీటర్ల దగ్గర టాప్ గేర్‌లో ఇంజన్ పాత హౌసింగ్‌తో దాదాపు 2980 చుట్లు తిరిగేది. కొత్తదానితో 2555. ఆ తేడా చెవికి బాగా తెలుస్తుంది. ఊరికే రాదు మరి. ఒకటో గేరులో కదలడం కాస్త బరువైంది. నలుగురు ఎక్కి కొండవీడు ఘాట్ ఎక్కుతుంటే ఇదివరకు మూడులో పోయిన చోట రెండు వేయాల్సి వస్తోంది. మీ తిరుగుడంతా ఊళ్ళోనే అయితే పాత 4.55 ఉంచుకుని బేరింగులు, సీళ్ళు మార్చుకోవడమే మేలు.

కాంటెస్సా హౌసింగ్ వేయిద్దామా అని అడుగుతారు. కాంటెస్సాకి వెనక కాయిల్ స్ప్రింగులు, మనకి కమాన్ కట్టలు (రేకు స్ప్రింగులు). కమాన్ కూర్చునే సీట్లు కొత్తగా వెల్డింగ్ చేయాలి. ఆ వేడికి హౌసింగ్ వంగితే సరిచేసే చేయి అన్ని చోట్లా దొరకదు. అంబాసిడర్‌కి అంబాసిడర్‌దే వేయండి.

కొట్లో ముందు ఆయిల్ ప్లగ్ విప్పి కొంచెం ఆయిల్ అరచేతిలో పోయించుకుని వేళ్ళతో నలపండి. వెండి పొడిలా సన్నగా ఉంటే పర్లేదు. గరుకుగా, రవ్వలు తగిలితే వదిలేయండి. పినియన్ ఫ్లాంజ్ (షాఫ్టు బిగించే పళ్ళెం) పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కదలకూడదు. తిప్పడంలో ఉండే కొంచెం ఆట వేరు, అది ఉండాలి. క్రౌన్, పినియన్ జతగా తయారవుతాయి కాబట్టి ఒకదాన్ని మాత్రం మార్చడం కుదరదు. పళ్ళు బాగుంటే లోపల షిమ్ములు (సందు సరిచేసే సన్న రేకులు) కదిలించకండి. హౌసింగ్ మీద కొత్త వెల్డింగ్ గుర్తులుంటే అనుమానించండి. కమాన్ సీట్ల మధ్య దూరం, బ్యాక్‌ప్లేట్ల మధ్య దూరం, స్టడ్ల వరస, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తగిలే చోటు, అన్నీ మీ పాతదానితో కొలిచి రాసుకుని వెళ్ళండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, ఏ బండిదో నంబరుతో సహా.

దింపడం, ఎక్కించడం

రెండు రోజుల ముందే యూ బోల్టులకీ (హౌసింగ్‌ని కమాన్‌కి కట్టేవి), గొట్టాల నట్లకీ తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. అంబాసిడర్‌కి లారీలా వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే అంతా మోస్తుంది. స్టాండ్లు కమాన్ ముందు కొక్కానికి కాస్త ముందు, గట్టి చోట పెట్టండి. ఇటుకల మీద పెట్టకండి, ఇటుక చెప్పకుండా పగులుతుంది. అక్కడికి వెళ్ళినప్పుడే కమాన్ కొక్కాలు బాడీకి కలిసే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తుప్పు పట్టి లోపలికి దిగితే ముందు ఆ పని చేయించాలి. మంచి హౌసింగ్‌ని కుళ్ళిన రేకుకి వేలాడదీయకూడదు.

పాత లైనర్ల దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదడం మన షెడ్లలో అలవాటు. దయచేసి ఊదకండి, ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్ళు చల్లి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పడేయండి. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళకి మాస్కు నేనే కొనిచ్చాను.

ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజ్ మీద గుర్తు పెట్టి విప్పండి. తర్వాత బ్రేకు గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, షాకబ్జార్బర్ల కింది చివరలు. హౌసింగ్ మధ్యలో జాకీ ఆనించి, అప్పుడు యూ బోల్టులు. ఇద్దరు లేకుండా చేయొద్దు. హబ్ నట్టు విప్పాల్సి వస్తే మర ఎటో చూసుకోండి. నా బండిలో ఎడమ వైపుది తిరగబడిన మర. సుత్తి పెట్టి కొట్టేదాకా నాకూ తెలియలేదు.

కొత్త హౌసింగ్‌ని ఎక్కించే ముందే నేల మీద పెట్టుకుని బేరింగులు, సీళ్ళు మార్చండి. దాని పైన ఒక చిన్న గాలి రంధ్రం ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా పాత హౌసింగ్‌కి ఆ రంధ్రం నల్లరేగడి మట్టితో రాయిలా మూసుకుపోయి ఉంది. నడిచేకొద్దీ లోపల గాలి వేడెక్కి ఉబ్బుతుంది. పైనుంచి దారి లేకపోతే ఆయిల్‌ని సీళ్ళ మీదుగా తోస్తుంది. ఆ ఆయిలే బ్రేకు షూల మీదికి వస్తుంది. మూడుసార్లు సీలు మార్పించినా కారడానికి కారణం నాకు అప్పుడు అర్థమైంది. సన్న తీగతో పొడిచి నోటితో ఊది చూడండి. దారి ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

ఎక్కించాక కమాన్ సెంటర్ బోల్టు తల సీటు రంధ్రంలో పూర్తిగా కూర్చోవాలి. రెండు వైపులా కమాన్ ముందు కన్ను నుంచి ఇరుసు దాకా టేపుతో కొలవండి. 2, 3 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే బండి రోడ్డు మీద వంకరగా నడుస్తుంది. యూ బోల్టులు కొత్తవే వేయండి. ఒకసారి సాగినది మళ్ళీ అంత బిగువు ఇవ్వదు. ముందు మామూలుగా బిగించి, బండిని చక్రాల మీదికి దింపి, బరువు పడ్డాక చివరి బిగింపు ఇవ్వండి.

తర్వాత పినియన్ వాలు. గేర్‌బాక్స్ చివర ఏ కోణంలో ఉందో పినియన్ కూడా దానికి సమాంతరంగా ఉండాలి. లేకపోతే 60 దాటగానే బండి అడుగు నుంచి వణుకు మొదలవుతుంది, క్రాసులు (షాఫ్టు చివర్ల కీళ్ళు) త్వరగా పోతాయి. ఫోనులో లెవెల్ చూసే యాప్‌తో రెండు ఫ్లాంజ్‌లనీ కొలిచాను. పికప్‌లో కమాన్ మెలితిరిగి పినియన్ మూతి పైకి లేస్తుంది. అందుకని ఒక డిగ్రీ కిందికి ఉంచాం. తేడా ఉంటే కమాన్‌కీ సీటుకీ మధ్య వాలు ముక్క పెడతారు. షాఫ్టు స్ప్లైన్ లోపలికి జరగడానికి కనీసం 20 మిల్లీమీటర్ల చోటు మిగలాలి. పొడవు చాలక కోసి అతికిస్తే బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించకండి.

ఆయిల్ హైపాయిడ్ ఈపీ 90.

వెనక సిలిండర్ సైజు

నియమం గుర్తుంది కదా. నా కొత్త హౌసింగ్‌తో వచ్చిన వీల్ సిలిండర్లు 22.2 మిల్లీమీటర్లవి. వాటితో వెనక చక్రాలు ముందుగా బిగుసుకున్నాయి. సిలిండర్ తోసే బలం వ్యాసం మీద కాదు, వ్యాసం వర్గం మీద ఉంటుంది. 19 మిల్లీమీటర్ల సిలిండర్ వేస్తే అదే ప్రెషర్‌కి బలం నాలుగో వంతు పైగా తగ్గుతుంది. అదే వేశాను, సరిపోయింది. ప్రెషర్ తగ్గించే వాల్వు కూడా పెట్టుకోవచ్చు. కానీ దాన్ని ఎవరైనా తిప్పేస్తారని నాకు భయం. సిలిండర్ సైజుని ఎవరూ తిప్పలేరు. రెండు డ్రమ్ములూ ఒకే సైజుకి టర్నింగ్ చేయించండి. అసలు సైజు కన్నా ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగిందంటే ఆ డ్రమ్ము పని అయిపోయింది. షూలు ముందు అడ్జస్టర్‌తో సరిచేసి, ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగించండి. కేబుల్‌తో షూలని దగ్గరికి లాగడం తప్పు.

గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి. మాస్టర్ సిలిండర్ కుడి వైపు ఉంటే వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

రోడ్డు మీద

ఆదివారం తెల్లవారుజామున, పొలాల మధ్య ఖాళీ సిమెంటు రోడ్డు మీద పరీక్ష చేశాం. బావమరిది పక్కన నిలబడి ఫోనులో వీడియో తీశాడు. ముందు నడక వేగంలో నాలుగైదు సార్లు ఆపండి. తర్వాత 30, ఆ తర్వాత 40. గట్టిగా తొక్కి, ఏ చక్రం ముందు ఆగిందో వీడియో నెమ్మదిగా నడిపి చూడండి. ఆ పెద్ద సిలిండర్ల సంగతి నాకు అలాగే తెలిసింది. రోడ్డు మీద నీళ్ళు చల్లి కూడా చేయండి. ఒంటరిగా ఒకసారి, వెనక ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఒకసారి.

పది కిలోమీటర్లు తిరిగి వచ్చాక చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి. ఎడమా కుడీ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రమే కాలుతుంటే అక్కడ షూ గానీ ప్యాడ్ గానీ పట్టేస్తోంది.

స్పీడోమీటరు గురించి తప్పకుండా చెప్పాలి. నా బండిలో దాని కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది. హౌసింగ్ మారిన సంగతి దానికి తెలియదు. 4.55 పోయి 3.9 వచ్చాక అది 60 చూపిస్తుంటే బండి నిజంగా 70లో పోతోంది. జీపీఎస్‌తో సరిచూసుకుని, సరైన గేరు దొరికేదాకా డ్యాష్‌బోర్డు మీద చిన్న కాగితం అంటించుకోండి. బండి మీరొక్కరే నడపరు కదా.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి, వాళ్ళు చెప్పింది రాతలో తీసుకోండి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది, అప్పుడు బండిని చూస్తారు. మీది 50 ఏళ్ళు దాటిన బండి అయి, 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద రిజిస్టర్ చేయించాలనుకుంటే, అసలు రూపం చెడగొట్టకండి. నేను విప్పిన ప్రతి భాగానికీ గ్రీజు రాసి, చీటీ కట్టి, గోనెసంచుల్లో షాపు అటక మీద పెట్టాను. పాత హౌసింగ్ కూడా అక్కడే ఉంది.

500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు, చక్రం నట్లు మళ్ళీ బిగించండి. నా యూ బోల్టులు నాలుగూ పావు చుట్టు తిరిగాయి. ప్రతి గొట్టం నట్టునీ తెల్ల కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిందైతే 155 దగ్గరే మరిగిపోవచ్చు. అది ఆవిరైతే పెడల్ మళ్ళీ నేలకే పోతుంది. కృష్ణ ఒడ్డున మన గాలిలో తేమకి కొదవ లేదు. రెండేళ్ళకోసారి పూర్తిగా మార్చండి. మార్చిన తేదీ బానెట్ లోపలి వైపు తెల్ల పెయింటుతో రాసుకున్నాను. బండి ఎవరు తీసుకెళ్ళినా ముందు అది చూసే తాళం తిప్పుతారు.